ముప్పై రెండో సింఫనీ: వయసు లెక్క పక్కన పెట్టి వింటే

2025 మార్చిలో ఇళయరాజా లండన్‌లో తన మొదటి సింఫనీ 'వేలియంట్'ని రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తెగ తిరిగాయి. అసలు సింఫనీ అంటే ఏమిటి? 81 ఏళ్ల వయసులో అంత పని ఎలా చేశారు? మొదటిదానికి ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్పుకున్నారు. రెండోదానికి దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

నాకు ఆ రెండో ప్రశ్న చూడగానే ఇంకో పెద్దాయన గుర్తొచ్చాడు. పేరు హావెర్గల్ బ్రయన్. ఇంగ్లండ్ మనిషి. సరిగ్గా 81 ఏళ్ల వయసులో, 1957లో, ఆయన తన 12వ సింఫనీ రాశాడు. అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత ఇంకో 20 రాశాడు. చివరిది, అంటే 32వది, 1968లో పూర్తయింది. అప్పటికి ఆయనకు 92 ఏళ్లు.

చూశారుగా, నేనూ అంకెలతోనే మొదలుపెట్టాను. బ్రయన్ గురించి ఎవరు రాసినా ఇలాగే మొదలుపెడతారు. 80 దాటాక 21 సింఫనీలు, 90 దాటాక 7. వినేవాడు 'అబ్బో' అంటాడు, ఇంకో రికార్డుల పుస్తకం పేజీ తిప్పేస్తాడు. ఆ 32వ సింఫనీ ఓ ఇరవై నిమిషాల సంగీతం. దాని గురించి చదివిన వాళ్లలో ఆ ఇరవై నిమిషాలు కూర్చుని విన్నవాళ్లు ఎందరుంటారో నాకు అనుమానమే. బ్రయన్ కథ అంత బాగుంటుంది మరి. కథ ఎంత బాగుంటే సంగీతం అంత వెనక్కి పోతుంది. ఈ వ్యాసంలో ఆ చిక్కు కొంచెం విప్పుదామని.

ముందు సింఫనీ సంగతి. ఇందులో మన చెవికి కొత్తగా అనిపించేవి రెండు.

ఒకటి, ఇల్లు వదలడం. మన సంగీతంలో తంబురా మొదటి నుంచి చివరి దాకా షడ్జమం మోగిస్తూనే ఉంటుంది. గాయకుడు ఎక్కడ తిరిగినా ఇంటి దీపం కనబడుతూనే ఉంటుంది. సింఫనీలో తంబురా లేదు. ఒక శ్రుతిలో మొదలై, దాన్ని వదిలి వేరే శ్రుతుల్లోకి వెళ్లి, తిరిగి రావడమే అందులో కథ. బ్రయన్ 32వ సింఫనీ 'ఏ ఫ్లాట్ మేజర్'లో ఉందంటే దాని ఇల్లు ఏ ఫ్లాట్ అనే స్వరం, మేజర్ అంటే దాదాపు మన శంకరాభరణం మెట్లు. ఇంటి నుంచి ఎంత దూరం పోయాం, ఎలా తిరిగొచ్చాం అన్నదాంట్లో ఉంటుంది టెన్షన్ అంతా.

రెండోది, ఒకేసారి నాలుగైదు రాగవరసలు. పెళ్లింట్లో ఒక మూల మేళం, ఒక మూల మంత్రాలు, ఇంకో మూల వంటవాళ్ల కేకలు వినిపిస్తాయి కదా. అవన్నీ ఒకదానికొకటి అడ్డం రాకుండా, పైగా ఒకదానికొకటి అందం ఇచ్చేలా ఎవరో ముందే రాసిపెట్టారనుకోండి. దాన్ని కౌంటర్‌పాయింట్ అంటారు. ఒక్క పాటనే పట్టుకుని వెళ్లడానికి అలవాటుపడిన మన చెవికి మొదట్లో ఇది రద్దీగా ఉంటుంది. బ్రయన్‌కు ఈ రద్దీ అంటే ప్రాణం.

సింఫనీ సాధారణంగా మూడు నాలుగు భాగాలుగా ఉంటుంది. ఒకటి చురుగ్గా, ఒకటి నిదానంగా, ఒకటి ఆటగా, ఒకటి ముగింపుగా. వీటిని మూవ్‌మెంట్లు అంటారు. ఇంతకంటే సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

కుండల ఊరి కుర్రాడు

బ్రయన్ 1876 జనవరి 29న స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర డ్రెస్డెన్ అనే చోట పుట్టాడు. జర్మనీ డ్రెస్డెన్ కాదు, ఇంగ్లండ్‌లోనే ఆ పేరుతో ఉన్న చిన్న పేట. ఆ ప్రాంతమంతా పింగాణీ సామాన్ల బట్టీలు. తల్లిదండ్రులు ఆ పనివాళ్లే. పన్నెండేళ్లకే బడి మానేశాడు. సంగీతం చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, కోరస్‌లలో పాడుతూ, దొరికిన నొటేషన్లు చదువుకుంటూ నేర్చుకున్నదే. అసలు పేరు విలియం. 'హావెర్గల్' అన్నది స్తోత్రగీతాలు రాసిన ఒక కుటుంబం పేరు, దాన్ని ఆయనే తగిలించుకున్నాడు.

మొదట్లో రోజులు బాగానే నడిచాయి. అప్పటికి పేరుమోసిన ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ అంతటివాడు వెన్ను తట్టాడు. 1907లో హెన్రీ వుడ్ అనే కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించేవాడు) లండన్ ప్రామ్స్ కచేరీల్లో బ్రయన్ రాసిన సూట్ (చిన్న చిన్న వాద్య రచనల వరస) ఒకటి వాయించాడు. ఊళ్లోని పింగాణీ వ్యాపారి హెర్బర్ట్ మింటన్ రాబిన్‌సన్ ఏడాదికి 500 పౌండ్లు ఇస్తానన్నాడు. ఉద్యోగం మానేసి సంగీతం రాసుకో అని. ఆ రోజుల్లో అది పెద్ద సంసారమే దర్జాగా బతికే డబ్బు.

1913లో అదంతా తలకిందులైంది. ఇంట్లో పనిచేసే అమ్మాయితో బ్రయన్‌కు సంబంధం ఏర్పడింది. భార్యనీ ఐదుగురు పిల్లల్నీ వదిలి ఆమెతో లండన్ వెళ్లిపోయాడు. ఆమెతో మరో ఐదుగురు పిల్లలు. రాబిన్‌సన్‌కు ఇది నచ్చలేదు. డబ్బు ఆపలేదు గానీ అందులో ఎక్కువ భాగం వదిలేసిన భార్యకే చేరేలా చూశాడు. న్యాయమే. బ్రయన్‌ను 'లోకం గుర్తించని మహానుభావుడు' అని రాసేవాళ్లు ఈ పేరా దగ్గర కొంచెం గొంతు తగ్గిస్తారు. ఆయన కష్టాల్లో కొన్ని లోకం పెట్టినవి, కొన్ని తను కొని తెచ్చుకున్నవి.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన గుమాస్తా పనులు చేశాడు, నొటేషన్లు కాపీ చేసిచ్చాడు, 'మ్యూజికల్ ఒపీనియన్' పత్రికలో సహాయ సంపాదకుడిగా ఇతరుల సంగీతం గురించి రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వ సరఫరా శాఖలో చిన్న ఉద్యోగం. రాత్రిళ్లు సంగీతం.

ఆ రాత్రుల్లో పుట్టిందే 'గోథిక్ సింఫనీ'. 1919 నుంచి 1927 దాకా రాశాడు. దాదాపు రెండు గంటల సంగీతం. రెండు ఆర్కెస్ట్రాలంత పెద్ద ఆర్కెస్ట్రా, దానికి తోడు నాలుగు బ్రాస్ (ఇత్తడి వాద్యాల) బ్యాండ్లు, వందల మంది కోరస్, పిల్లల కోరస్, నలుగురు సోలో గాయకులు, ఆర్గన్. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్‌కు అంకితమిచ్చాడు. స్ట్రౌస్ మెచ్చుకుంటూ జవాబు రాశాడు. జాబైతే వచ్చింది, కచేరీ రాలేదు. 34 ఏళ్లు రాలేదు. 1961 జూన్‌లో బ్రయన్ ఫెయిర్‌ఫాక్స్ అనే కండక్టర్ ఎక్కువగా అమెచ్యూర్ వాద్యకారులతో, గాయకులతో దాన్ని మొదటిసారి లండన్‌లో నిలబెట్టాడు. 1966లో కండక్టర్ ఏడ్రియన్ బోల్ట్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వినిపించినప్పుడు ఆ కరతాళధ్వనుల మధ్య నిలబడ్డ స్వరకర్తకు 90 ఏళ్లు.

ఈ గోథిక్ వల్ల బ్రయన్‌కు ఎంత పేరొచ్చిందో అంత నష్టమూ జరిగింది. ఆయన పేరు చెప్పగానే 'ఆ వెయ్యిమంది సింఫనీ ఆయనా' అంటారు. 2011లో ప్రామ్స్‌లో మార్టిన్ బ్రాబిన్స్ చేయించినప్పుడూ అంతే, వార్తలన్నీ జనాభా లెక్కలే. మిగతా 31 దాని నీడలో పడిపోయాయి. ముఖ్యంగా ఆఖరివి.

లెక్కలో చిన్న తిరకాసు

32 అన్న అంకె దగ్గర ఒక సరదా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే పాత పుస్తకాలు చూసేవాళ్లు ఇక్కడ తడబడతారు.

గోథిక్ మొదట ఒకటో నంబరు కాదు, రెండోది. ఒకటో నంబరు 1907-08 ప్రాంతంలో రాసిన 'ఫెంటాస్టిక్ సింఫనీ'. అది 'మూడు గుడ్డి ఎలుకలు' అనే ఇంగ్లిష్ పిల్లల పాట మీద అల్లినది. అవును, నర్సరీ పిల్లలు పాడుకునే పాట. తర్వాత ఆ సింఫనీని ఆయనే విప్పేశాడు, రెండు ముక్కలు విడి రచనలుగా మిగిలాయి. అయినా నంబరు మాత్రం జాబితాలో అలాగే ఉండిపోయింది. 1967లో, 91 ఏళ్ల వయసులో, కూర్చుని సర్దాడు. లేని ఒకటిని తీసేసి గోథిక్‌ను ఒకటి చేశాడు. అప్పుడు తర్వాతివన్నీ ఒక మెట్టు కిందికి జరగాలి కదా? 1948లో ఒక ఆపెరాకు నాంది అనుకుని రాసి, ఆ ఆపెరా ముందుకు సాగక పక్కన పెట్టిన 'సిన్ఫోనియా ట్రాజికా'ను తెచ్చి ఆరో నంబరు ఖాళీలో కూర్చోబెట్టాడు. ఏడు నుంచి పైవేవీ కదలలేదు. మొత్తం కూడా మారలేదు. ఏళ్ల తరబడి గుమాస్తాగా పనిచేసిన మనిషి నేర్పు ఇందులో కనిపిస్తుంది. ఫైలు ముట్టుకోకుండా లెక్క సరిచేశాడు.

ఇంకోటి కూడా గమనించాలి. నాలుగు, ఐదు నంబర్లలో మనిషి గొంతు ఉంది. ఆరు నుంచి 32 దాకా గొంతు లేదు, అంతా ఆర్కెస్ట్రాయే. కోరస్‌లు, బ్యాండ్లు, 16 హార్న్‌లు (కొమ్ములాంటి ఇత్తడి వాద్యాలు, రెండో సింఫనీలో నిజంగానే 16 కావాలి) అని అడిగిన మనిషి క్రమంగా అడగడం మానేశాడు. 12 నుంచి 17 దాకా ఆరు సింఫనీలూ ఒకే భాగంలో ముగుస్తాయి. 1964-65లో రాసిన 22వది మరీ పొట్టిది. పేరే 'సింఫోనియా బ్రెవిస్'. తొమ్మిది పది నిమిషాల్లో అయిపోతుంది. గోథిక్‌ను ఒకసారి వినే సమయంలో దాన్ని పదకొండు సార్లు వినొచ్చు.

ఎందుకిలా కుదించుకుపోయాడు? సులువైన జవాబు ఉంది. ముసలాయనకు ఓపిక తగ్గింది. నేను మొదట ఇదే అనుకున్నాను. విన్నాక అది కుదరలేదు. ఓపిక తగ్గినవాడు చేసే పనులు వేరు. చెప్పిందే చెబుతాడు, పాత సరుకే తిప్పి వేస్తాడు, సాగదీస్తాడు. బ్రయన్ చేసింది దానికి తలకిందులు. చెప్పిందాన్ని మళ్లీ చెప్పడమే మానేశాడు.

త్యాగరాజ కృతి పల్లవి తీసుకోండి. ఒక సంగతి పాడతారు, దాన్నే కొంచెం పెంచి ఇంకో సంగతి, ఇంకాస్త విప్పి మరోటి. వినేవాడికి మొగ్గ పువ్వవడం కనిపిస్తుంది. తర్వాత అనుపల్లవి, చరణం ఎంత దూరం పోయినా పల్లవి తిరిగొస్తుంది. పాశ్చాత్య సింఫనీ పద్ధతి వేరైనా మనసు ఇలాంటిదే. ఒక రాగవరసను పరిచయం చేస్తుంది, విప్పుతుంది, చివర్లో తిరిగి తెస్తుంది. బ్రయన్ ఆఖరి సింఫనీల్లో మొదటి సంగతి పాడి నేరుగా ఏడో సంగతి దగ్గరికి వెళ్లిపోతాడు. మధ్యలో ఐదూ ఆయన తలలో అయిపోయాయి. పల్లవి తిరిగొస్తే అది ముఖం మార్చుకుని వస్తుంది. గుర్తుపట్టేలోపే వెళ్లిపోతుంది.

అందుకే మొదటిసారి విన్నవాళ్లకు ఇది అతుకుల బొంతలా ఉంటుంది. భీకరంగా బ్రాస్ మోగుతుంటుంది, ఠక్కున ఆపేసి ఒక్క వయొలిన్ ఒంటరిగా ఏదో పాడుతుంది, అదీ నాలుగు క్షణాలే, వెంటనే ట్యూబా అనే పెద్ద ఇత్తడి వాద్యం కింది నుంచి కవాతు మొదలుపెడుతుంది. మధ్యలో వంతెన ఉండదు. ఒక గట్టు మీద నుంచి ఇంకో గట్టు మీదికి దూకడమే. ఇంటి శ్రుతికి తిరిగి రావడం కూడా ఇలాగే. చాలాసేపు ఎక్కడెక్కడో తిరిగి, ఆఖరి బస్సు పట్టుకున్నవాడిలా చివరి కొన్ని సెకన్లలో ఇంటి గుమ్మం ఎక్కేస్తాడు.

నా ఉద్దేశంలో దీనికి కారణం వయసు కాదు, శ్రోత లేకపోవడం. ఆలోచించండి. 1954 ఫిబ్రవరి 1 వరకు బ్రయన్ తన సింఫనీ ఒక్కటి కూడా ఆర్కెస్ట్రా వాయించగా వినలేదు. ఆ రోజుకి ఆయనకు 78 నిండి మూడు రోజులు. అప్పటికి తొమ్మిది పూర్తయి, పదోది చేతిలో ఉంది. బీబీసీలో పనిచేసే రాబర్ట్ సింప్సన్ (ఆయన కూడా మంచి స్వరకర్తే, 11 సింఫనీలు రాశాడు) పట్టుబట్టి ఎనిమిదో సింఫనీని బోల్ట్ చేతిలో పెట్టించి ప్రసారం చేయించాడు. అంతకు ముందు ముప్పై ఏళ్లు బ్రయన్ తనకు తనే రాసుకున్నాడు. శ్రోత ఎదురుగా ఉంటే రచయిత కొన్ని మర్యాదలు పాటిస్తాడు. ఇక్కడ విషయం మారుతోంది అని హెచ్చరిస్తాడు, ముఖ్యమైన మాట రెండుసార్లు అంటాడు, తలకెక్కడానికి కాస్త టైమ్ ఇస్తాడు. తనలో తను మాట్లాడుకునేవాడికి ఈ మర్యాదలతో పనేమిటి? సగం వాక్యం చాలు.

ఇది పొగడ్తగా మాత్రమే చెప్పడం లేదు. సగం వాక్యాలు పక్కవాడికి నిజంగానే అర్థం కాకపోవచ్చు.

ఆ ఎనిమిదో సింఫనీ మొదటి నిమిషం

బ్రయన్ ధోరణి పట్టుబడాలంటే ఆ 1954 ప్రసారంలో వినబడ్డ మొదటి చప్పుడు దగ్గరికి వెళ్లాలి. సైడ్ డ్రమ్ మీద లోగొంతులో ఒక లయ. దాని పైన యుఫోనియం, ట్యూబా కలిసి ఒక రాగవరస ఎత్తుకుంటాయి. సింఫనీ అనగానే మనం వయొలిన్ల వెల్లువ ఊహించుకుంటాం. ఈయన బ్యాండు మేళంలో వెనక వరసలో నడిచేవాళ్లను పిలిచి ముందు నిలబెట్టాడు.

యుఫోనియం అన్న పేరు మనకు తెలియకపోయినా దాని గొంతు తెలుసు. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్లు చేతుల్లో ఎత్తుకుని వాయించే, ట్రంపెట్ కంటే లావుపాటి ఇత్తడి వాద్యం. ఆ మేళాలు మనకు వచ్చింది బ్రిటిష్ పటాలాల బ్యాండ్ల నుంచే. బ్రయన్‌కు వచ్చింది తన పారిశ్రామిక పట్టణాల బ్యాండ్ల నుంచి. అంటే సింఫనీల్లో నిపుణుడైన లండన్ శ్రోత కంటే, గుంటూరులో బ్యాండు మేళం వెనక నడిచినవాడికి ఆ మొదటి నిమిషం ఇంకా దగ్గరగా తోచే అవకాశం ఉంది. నాకైతే అలాగే అనిపించింది. రాత్రి పదకొండింటికి ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటే సింఫనీ హాలు గుర్తు రాలేదు. ఊరేగింపు వీధి మలుపు తిరిగాక, జనం వెళ్లిపోయాక, దూరం నుంచి మిగిలే ఆ బరువైన మోత గుర్తొచ్చింది.

ఆ ఇత్తడి, ఆ డ్రమ్ము, ఆ కవాతు నడక 32వ సింఫనీ దాకా వదల్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దానితో పనుంది.

32: వీడ్కోలు కాని చివరిది

32వ సింఫనీలో నాలుగు భాగాలున్నాయి. మధ్యస్థమైన నడకలో ఒకటి, నిదానంగా ఒకటి, కాస్త చురుగ్గా ఒకటి, ముగింపు. చూడ్డానికి 18వ శతాబ్దం నాటి పద్ధతే. ఒకే భాగం సింఫనీలు అన్నేసి రాసినవాడు 92 ఏళ్లప్పుడు పాత నాలుగు గదుల ఇంటికి తిరిగొచ్చాడు.

రెండో భాగం, అడాజియో (నిదానమైన నడక), బరువైన ఊరేగింపులా సాగుతుంది. ఇది అందరినీ పట్టుకునే భాగం. పట్టుకోగానే ఏమంటారు? '92 ఏళ్ల మనిషి తన అంతిమయాత్ర తనే రాసుకున్నాడు.' నోరూరించే మాట. అయితే బ్రయన్ గోథిక్‌లోనూ కవాతు రాశాడు. ఎనిమిదిలోనూ రాశాడు, 22లోనూ రాశాడు. 22వ సింఫనీ రెండో భాగానికి ఆయన పెట్టిన సూచనే 'కవాతు లయలో' అని. నలభైల్లో ఉన్నప్పుడూ ఇవే రాసినవాడు తొంభైల్లో రాస్తే అది చావు గురించే అని ఎలా చెబుతాం? కుమ్మరి చివరి కుండ కూడా కుండే.

పైగా ఇది చివరిదని తెలిసి రాశాడనడానికి ఆ సంగీతంలో ఏ ఆధారమూ లేదు. 1968లోనే 31వది రాశాడు, ఒకే భాగంలో అల్లుకుపోయిన చురుకైన రచన. దాని వెనకే 32. పనిలో ఉన్న మనిషి వరసలో ఉన్న పని చేసుకుపోయినట్టే ఉంది తప్ప, వీలునామా రాసిన వాలకం లేదు. దాని తర్వాత ఏమీ రాయలేదు. ఇంకో నాలుగేళ్లు, 1972 నవంబర్ 28 దాకా, సముద్రం పక్కన షోరమ్‌లో బతికాడు. చివరి సింఫనీ అనేది ఆ నాలుగేళ్ల మౌనం దానికి పెట్టిన పేరు.

నాలుగో భాగం నాకు అన్నిటికంటే ఇష్టం. ముందు చెప్పిన ఆ పెళ్లింటి రద్దీ, కౌంటర్‌పాయింట్, ఇక్కడ నిండుగా ఉంటుంది. ఒక గొంతు మాట ఎత్తుకుంటే ఇంకోటి అందుకుంటుంది, మూడోది అడ్డు తగులుతుంది, ఎవరూ తగ్గరు. బలహీనపడ్డ చేతి రాత కాదిది. వాదన మీద వాదన వేసే రాత. మూడో భాగం వింటుంటే హాయిగానే ఉంటుంది, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

మొదటి భాగం మాత్రం నాకు ఇప్పటికీ సగమే పట్టుబడింది. నాలుగైదు సార్లు విన్నాను. ఆర్కెస్ట్రా ముద్దగా, మందంగా ఉండి ఏది ముఖ్యమో ఏది పక్కవాద్యమో తేలదు. ఇక్కడ బ్రయన్ మీద వచ్చే పెద్ద విమర్శకు ఒప్పుకోవాల్సిందే. తను రాసింది వాయించగా విని దిద్దుకునే అవకాశం లేకుండా దశాబ్దాలు గడిపినవాడి రాతలో ఇలాంటి మందం ఉంటుంది. తలలో స్పష్టంగా వినబడింది హాలులో అలా వినబడకపోవచ్చు. ఆఖరి ఏడు సింఫనీల్లో ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేని చోట్లు కూడా ఉన్నాయి. అభిమానులు ఇది ఒప్పుకోరు.

వాయించింది ఎవరు?

అయితే ఆ మందం అంతా రాతదేనా అన్నది ఇంకో ముడి. విమర్శకులు ఈ ముడిని సాధారణంగా చూడరు.

బ్రయన్ సంగీతం తొలిసారి వాయించినవాళ్ల జాబితా ఒకసారి చూడండి. గోథిక్‌ను 1961లో నిలబెట్టింది ప్రధానంగా అమెచ్యూర్లు. 32వ సింఫనీని 1971 జనవరిలో తొలిసారి వినిపించింది లెస్లీ హెడ్ నడిపిన కెన్సింగ్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా, అదీ జీతాలు లేని వాద్యకారులదే. ఆయన సంగీతానికి వచ్చిన మొట్టమొదటి వాణిజ్య రికార్డు కోసం 1972లో 10, 21 సింఫనీలు వాయించింది లెస్టర్‌షైర్ బడిపిల్లల ఆర్కెస్ట్రా. బడిపిల్లలు! పెద్ద పెద్ద రికార్డింగ్ కంపెనీలు పట్టించుకోని సంగీతాన్ని పదిహేను, పదహారేళ్ల పిల్లలు ముందు పట్టుకున్నారు.

వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. అదే సమయంలో ఒక సంగతి మర్చిపోకూడదు. ఈ ఆఖరి సింఫనీల్లో వంతెనలు లేవని చెప్పుకున్నాం. వంతెన లేనిచోట వాద్యకారుడే వంతెన వేయాలి. ఆ భీకరమైన బ్రాస్ ఏ కొసన ఆగాలి, ఒంటరి వయొలిన్ ఎంత నిశ్శబ్దంలోంచి పైకి రావాలి అన్నది తెలియాలంటే రిహార్సల్స్ కావాలి. ఒకటి రెండు రిహార్సల్స్‌తో గట్టెక్కిస్తే ఎలాంటి గట్టి రచన అయినా అతుకుల బొంతలాగే వినబడుతుంది. బీథోవెన్‌ను అరకొరగా వాయించినా మనం తప్పు వాద్యకారులదే అంటాం, ఎందుకంటే అది ఎలా ఉండాలో తెలుసు కాబట్టి. బ్రయన్‌ను అరకొరగా వాయిస్తే తప్పు బ్రయన్‌దే అంటాం.

ఇప్పుడు పరిస్థితి మారింది. 32 సింఫనీలకూ రికార్డింగులు ఉన్నాయి. 32వదాన్ని ఏడ్రియన్ లీపర్ ఐర్లండ్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేశాడు. ఏడునీ, ముప్పై ఒకటినీ చార్లెస్ మకరాస్ రాయల్ లివర్‌పూల్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేశాడు, 31వది ఎంత పకడ్బందీగా అల్లిన రచనో అందులో తెలుస్తుంది. అప్పటి నుంచి నాకు ఒక అనుమానం. 32వ సింఫనీ మొదటి భాగంలో నేను మందం అంటున్నది అలాంటి ఇంకో కండక్టర్ చేతిలో పడితే విచ్చుకుంటుందేమో. ఒక్కటే రికార్డింగ్ విని ఒక కృతిని అంచనా కట్టడం మనమైనా చేస్తామా? ఒకే కృతిని పదిమంది విద్వాంసులు పాడగా వింటేనే అది ఏమిటో తెలుస్తుంది. బ్రయన్‌కు ఆ భాగ్యం ఇంకా రాలేదు.

వినదలచినవాళ్లకు ఒక మాట. గోథిక్‌తో మొదలుపెట్టొద్దు, అందరూ అదే సలహా ఇస్తారు గానీ. రెండు గంటలు కూర్చోలేక మధ్యలో లేస్తారు, మళ్లీ ఆయన జోలికి పోరు. ఎనిమిదితో మొదలుపెట్టండి, ఆ యుఫోనియం కోసం. తర్వాత పది. అందులో తుఫాను వస్తుంది, అందుకోసం గాలి హోరు పుట్టించే యంత్రం, ఉరుములకు ఇంకో యంత్రం స్కోర్‌లోనే (ఆర్కెస్ట్రా మొత్తానికి రాసిన నొటేషన్) ఉన్నాయి. ఆపైన 22, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఒకసారి అర్థం కాకపోతే వెంటనే ఇంకోసారి వినొచ్చు, అదే పొట్టి సింఫనీలతో సుఖం. ఆ తర్వాత 32 రెండో భాగం, నాలుగో భాగం. మొదటి భాగాన్ని ఆఖరికి వదిలేయండి. మీకు పట్టుబడితే నాకూ చెప్పండి.

ఒక్క కథ మాత్రం చెప్పకుండా ఉండలేను, వయసు లెక్క వద్దని మొదటి నుంచి నేనే గోలపెట్టినా సరే. 28వ సింఫనీని బ్రయన్ 1967లో, 91 ఏళ్ల వయసులో రాశాడు. ఆయన బతికుండగా దాన్ని ఎవరూ వాయించలేదు. చనిపోయిన మరుసటి ఏడాది, 1973 అక్టోబర్‌లో, బీబీసీ స్టూడియోలో న్యూ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా ముందు ఆ స్కోర్ తెరిచి నిలబడ్డ కండక్టర్ లియోపాల్డ్ స్టకోవ్‌స్కీ. ఆయన వయసూ అప్పటికి 91.